ట్రాక్టరు సీటు నుండి మా అమ్మను దింపించు విషయమై

వేడి ప్రాంతములకు వ్యవసాయ యంత్రములను అనుకూలపరచు కార్యాలయం,
పెద్ద అధికారి గారి సముఖమునకు,
పరీక్ష ట్రాక్టరు పుచ్చుకున్న రైతు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పరీక్ష నిమిత్తం మాకు దయచేసిన ట్రాక్టరు డ్రైవరు సీటులో స్థిరనివాసం ఏర్పరచుకున్న మా అమ్మగారిని, తమరి కార్యాలయపు ఉత్తర్వు ద్వారా, మర్యాదకు లోపం రాకుండా, వీలైతే ఎండ తగ్గాక, కిందికి దింపించుట గురించి.

పై విషయం చదివి తమరు కాగితం తిరగేసి, వేరే కార్యాలయానికి పోవలసిన అర్జీ పొరపాటున ఇక్కడికి వచ్చిందేమోనని చూసి ఉంటారు. పొరపాటేమీ లేదు. అమ్మ మాది, సీటు తమది. కాబట్టి ఈ తగవులో సగం తమరి కార్యాలయానికే చెందుతుందని సవినయంగా మనవి చేసుకుంటూ, నా కష్టాలను వరుస సంఖ్యలతో ఈ దిగువన విన్నవించుకుంటున్నాను.

1. తమరు దయచేసిన ట్రాక్టరు చలిదేశంలో పుట్టినది. ఈ సంగతి మాకు కాగితాలు చదివి తెలియలేదు, కూర్చుంటే తెలిసింది. దాని సీటు తనంతట తానే వేడెక్కుతుంది. స్టీరింగు చేతుల్ని వెచ్చబెడుతుంది. వీటిని ఆపే మీట కోసం ఇంటిల్లిపాదీ వెతికాం. ఆపాలని ఆ దేశంలో ఎవరికీ ఎన్నడూ అనిపించలేదు కాబోలు, అసలు మీటే పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం ఒక చుట్టు దున్ని నేను దిగినప్పుడు మా ఆవిడ అడిగిన ప్రశ్నలు అర్జీలో రాయదగినవి కావు. ట్రాక్టరు ముందు భాగాన మంచును పక్కకు తోసే వెడల్పాటి రేకు కూడా బిగించి ఉంది. "ఇంతకీ మంచు ఎప్పుడు పడుతుందట?" అని ఆవిడ అడిగితే, "ఇంకా మంజూరు కాలేదు" అని చెప్పాను.

2. ఈ యంత్రాన్ని మా వాతావరణానికి తగినట్టు మార్చడానికే పరీక్ష పెట్టామనీ, ఇబ్బందులు ఏమైనా ఉంటే రాసి ఇవ్వమనీ తమరి ఇంజనీరు గారు సెలవిచ్చారు. మేము మూడు రాశాం. పొట్టూ దుమ్మూ చేరి ఇంజను ఉడికిపోతోందని ఒకటి. కాలువ పక్క తడి నేలలో చక్రాలు దిగబడుతున్నాయని రెండోది. ఎండకు తోలేవాడికి కళ్లు తిరుగుతున్నాయని మూడోది. తమరి కార్యాలయంలో ఇంజనుకు ఒక శాఖ, చక్రాలకు ఒక శాఖ, మనిషికి ఒక శాఖ ఉన్నాయని మాకప్పటికి తెలియదు.

ఇంజను శాఖ వారు పొట్టు దూరకుండా ముందర సన్నటి జాలీ బిగించారు. పొట్టు దూరలేదు. గాలీ దూరలేదు. అంతకుముందు పొట్టుతో కలిసి ఉడికే ఇంజను అప్పటినుంచి శుభ్రంగా ఉడకసాగింది. ఆ జాలీని ఊడదీసి మా ఆవిడ వంటింట్లో పిండి జల్లించుకుంటోంది. ఇది నిబంధనలకు విరుద్ధమైతే మన్నించగోరుతున్నాను. పిండి మాత్రం చాలా మెత్తగా వస్తోంది.

చక్రాల శాఖ వారు బురద నమూనా పంపమన్నారు. డబ్బాలో మూతపెట్టి స్వయంగా పట్టుకెళ్లి ఇచ్చాను. వారు ఆ డబ్బాను కిటికీ పక్కన పెట్టుకుని, దాన్ని చూడవలసిన అధికారి సెలవు నుంచి వచ్చేదాకా ఆగి, ఆ తరువాత జవాబు రాశారు: "మీరు పంపిన నమూనా ఎండి గట్టిగా ఉన్నందున దానిని బురదగా పరిగణించలేము."

మనుషుల శాఖ ఒక్కటే పని చేసింది. అదే కొంప ముంచింది.

3. మనుషుల శాఖ వారు సీటులోని వేడిని పీకేశారు. చుట్టూ అద్దాలు బిగించి, తలుపు పెట్టి, చల్లగాలి యంత్రం అమర్చి, డ్రైవరు కూర్చునే చోటును ఒక గదిలా చేసి పంపారు. బయట కాకులు కూడా నీడ వెతుక్కునే వేళ లోపల దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. అయ్యా, ఇంత గొప్ప పని చేసిన శాఖవారిని నేను ఏమీ అనడం లేదు. కానీ చేసేముందు ఒక్క మాట ఆలోచించవలసింది: ఇలాంటిది మా ఇంట్లో ఇంకొకటి లేదు. మా ఇల్లు రేకుల ఇల్లు. మా కరెంటు ఒక్క ఫ్యాను తిప్పడానికే మూలుగుతుంది.

ట్రాక్టరు తిరిగొచ్చిన రోజు దాన్ని పశువుల పాకలో నిలిపి, ఇంజను ఆపకుండా అందరికీ చూపిస్తున్నాను. మా అమ్మ చేతిలో చేటతో వచ్చింది.

"ఆపరా ఆ గోల! చెవులు పగిలిపోతున్నాయి."

"ఒక్క నిమిషం ఎక్కి చూడమ్మా," అన్నాను.

ఎక్కింది. తలుపేశాను. అద్దం వెనకనుంచి ఆవిడ పెదవులు కదులుతున్నాయిగానీ మాట వినపడలేదు. తలుపు తీస్తే, "ఒరే, చెమట ఆగిపోయిందిరా! వంట్లో ఏదైనా తేడా చేసిందంటావా?" అంది. చెమట పట్టకపోతే జబ్బేమోనని భయపడే మనిషి, అయ్యా, మా అమ్మ. కాదమ్మా, ఇదే చల్లదనం అంటే అని చెప్పాను. "అలాగా. అయితే తలుపెయ్యి," అంది. ఆ నిమిషం ఇంకా పూర్తి కాలేదు.

4. ప్రస్తుతం సదరు గదిలో మా అమ్మ తలగడ, కళ్లద్దాలు, మాత్రల డబ్బా, ఒక విసనకర్ర ఉన్నాయి. అంత చల్లదనంలో విసనకర్ర ఎందుకంటే, చెయ్యి ఊరుకోదట. మొదట్లో మా ఆవిడ నా పక్షాన ఉండేది. ఒకరోజు పాలు విరగకుండా ఉంటాయేమో చూద్దామని గిన్నె తీసుకెళ్లి సీటు వెనక పెట్టింది. విరగలేదు. అంతటితో నా బలం సగం పడిపోయింది. పక్కింటి దర్జీ అయితే, చేతుల చెమటకి తెల్లబట్ట మీద మరకలు పడుతున్నాయని, ఖరీదైన బట్ట వచ్చినప్పుడల్లా సూదీ దారం పట్టుకుని వచ్చి లోపల పనిముట్ల పెట్టె మీద కూర్చుంటున్నాడు. మా అమ్మ అతనికి సూదిలో దారం ఎక్కించి పెడుతుంది, అతను ఊరి కబుర్లన్నీ చెబుతాడు. తమరి ట్రాక్టరులో ప్రస్తుతం దున్నడం తప్ప అన్ని పనులూ జరుగుతున్నాయి.

5. నేను ప్రయత్నం చేయలేదని తమరు అనుకోకూడదు. "అమ్మా, ఇంజనుకి కాస్త విశ్రాంతి కావాలి" అన్నాను. "నేనేమన్నా దాని మీద ఎక్కి తొక్కుతున్నానా? కూర్చునేగా ఉన్నాను. అదీ కూర్చోమను," అంది.

మరోరోజు గుండె రాయి చేసుకుని ఇంజను ఆపేశాను. అద్దాల గది కదా, కాసేపటికే కుంపటి అయింది. ఆవిడ దిగలేదు. తిట్టనూ లేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ అద్దంలోంచి నావైపు చూస్తూ కూర్చుంది. అయ్యా, తమరికీ తల్లి ఉండే ఉంటుంది. ఆ చూపు తమరు కూడా ఎరిగే ఉంటారు. నేనే పరుగెత్తుకెళ్లి మళ్లీ స్టార్టు చేశాను.

మా ఆవిడను పంపాను. "అత్తయ్యా, కాస్త దిగండి, వంటింట్లో పనుంది" అనడానికి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. "ఏమైంది?" అని సైగ చేస్తే, లోపల్నుంచి మా ఆవిడ కూడా చెయ్యి ఊపి పొమ్మంది.

6. తమరు అడగవచ్చు: కన్నకొడుకువి, గట్టిగా ఒక్క మాట చెప్పలేవా అని. చెప్పలేను. మా నాన్న పోయినప్పుడు నేను గోచీ పెట్టుకునే వయసు వాణ్ణి. అప్పట్నుంచీ ఆ చేను ఆవిడే దున్నింది. ఆడమనిషి నాగలి పట్టడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు, ఆవిడ పట్టింది పట్టినట్టే ఉంది. నన్ను గట్టున నీడలో కూర్చోబెట్టి తను ఎండలో తిరిగేది. మా అమ్మ మెడ వెనక చర్మం ముడతలు పడి బీటలు తీసిన నేలలా ఉంటుంది. ఏ ఎండాకాలమూ ఆవిడ మధ్యాహ్నం పడుకోగా నేను చూడలేదు. ఇప్పుడు ఆ గదిలో నోరు కొంచెం తెరిచి, పసిపిల్లలా నిద్రపోతోంది. నేను వెళ్లి అద్దం కొట్టి, లే, దిగు, నాకు పనుంది అని ఏ నోటితో అనను? నాకు ఏడుపొస్తోంది, అయ్యా. ఈ వాక్యం అర్జీ పద్ధతికి సరిపడకపోతే కొట్టివేయగలరు.

7. ఇక తమరి కార్యాలయం వల్ల కలిగిన కష్టం. ట్రాక్టరు ఎంత పని చేసిందో తెలుసుకోవడానికి ఇంజనీరు గారు వచ్చి మీటరు చూస్తారు. ఇంజను ఎన్ని గంటలు తిరిగితే మీటరు అన్ని గంటలు చూపిస్తుంది, తమరి ఖాతాలో డీజిలూ అంత వస్తుంది. అది చేలో తిరిగిందా, పాకలో మా అమ్మకు జోకొట్టిందా అన్నది మీటరుకు తెలియదు. ఆయన మీటరు చూసి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఏమండీ, రాత్రింబగళ్లు దున్నుతున్నారా?"

"లేదండీ. అసలు సంగతి ఏమిటంటే..."

"అలా తగ్గించి చెప్పుకోకండి. ఇంత పని చేసిన ట్రాక్టరు ఇంకెక్కడా లేదు."

నిజం చెబుదామని పాకలోకి తీసుకెళ్లాను. మా అమ్మ తలుపు తీసి, "ఎండన పడి వచ్చావు, లోపలికి రా అబ్బాయ్" అంది. ఆయన పనిముట్ల పెట్టె మీద కూర్చుని నివేదిక రాసుకున్నారు. నివేదిక చిన్నదే. కూర్చోవడం చాలా పొడుగైంది. దిగేముందు, "మా ఆఫీసులో కూడా ఇంత హాయిగా ఉండదమ్మా" అని నిట్టూర్చారు. చేను వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. నివేదికలో మాత్రం "ఈ యంత్రం ఇక్కడి వేడికి సంపూర్ణముగా అలవాటు పడినది" అని రాశారు. అలవాటు పడింది మా అమ్మ, అయ్యా.

దాని ఫలితంగా, రైతులందరికీ ఇలాంటి ట్రాక్టర్లే ఇవ్వాలని తమరు ఆలోచిస్తున్నారని విన్నాను. ఇవ్వండి. కానీ ప్రతి రైతుకీ ఒక తల్లి ఉంటుందన్న విషయాన్ని తమరి కార్యాలయం లెక్కలోకి తీసుకోలేదని భయపడుతున్నాను.

8. చేను సంగతి. దున్నలేదు. వేడి సీటు మీద నేను తిప్పిన ఆ ఒక్క చుట్టు తప్ప ఒక గీత కూడా పడలేదు. మబ్బులు పడుతున్నాయి. తొలకరి పడేలోపు నేల తిరగబడకపోతే ఈ ఏడు విత్తనం వేసే దారి లేదు. తింటే ఆ చేనే, పస్తుంటే ఆ చేనే. వేరే ట్రాక్టరు పిలుద్దామంటే, పరీక్ష చేలో పరీక్ష ట్రాక్టరు తప్ప వేరేది దిగకూడదని తమరి నిబంధన. పైగా అందరి ట్రాక్టర్లూ వాళ్లవాళ్ల చేలల్లోనే ఊపిరాడకుండా ఉన్నాయి. నిన్న మా ఆవిడ గట్టు మీద నిలబడి, "బాగానే ఉంది. గడ్డి పంటకి మీకే మొదటి బహుమతి," అంది. ఆవిడా భయపడుతోంది. భయం వేసినప్పుడే ఆవిడకు హాస్యం ఎక్కువవుతుంది.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా: మా అమ్మ నా మాటకు దిగకపోయినా, సర్కారు ముద్రకు దిగుతుంది. ముద్ర వేసిన కాగితం అంటే ఆవిడకు ఇప్పటికీ గౌరవం. నీళ్ల బిల్లును కూడా చేతులు కడుక్కుని అందుకుంటుంది. కాబట్టి తమరు ఆవిడ పేరిట ఒక ఉత్తర్వు దయచేయవలెను. అందులో "ఖాళీ చేయుము" అన్న మాట వాడవద్దు, ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. "దయచేసి కొద్దికాలము" అని ఉంటే బాగుంటుంది. కొడుకు అర్జీ పెట్టుకున్నాడని పొరపాటున కూడా రాయకూడదు. ముద్ర పెద్దది వేయించాలి. దున్నడం పూర్తయిన వెంటనే సీటు ఆవిడకే తిరిగి ఇవ్వబడునని చివర ఒక హామీ ఉండాలి. అలా రాయడం కుదరకపోతే పక్కన రెండో సీటు వేయించినా చాలు. అదీ కుదరకపోతే చల్లగాలి యంత్రాన్ని ఊడదీసి మా ఇంట్లో ఆవిడ మంచం పక్కన బిగించి, దాన్ని తిప్పగలిగే కరెంటును కూడా వెంట పంపవలెను. ఏదీ కుదరదంటే, ఇంజనీరు గారినే మళ్లీ పంపండి. ఆయన పెట్టె మీద కూర్చుంటే ఆవిడకు విసుగొచ్చి తనే దిగుతుందేమో, ఆ చిన్న ఆశ ఒకటుంది.

ఈ మొర చిత్తగించవలెను. ఉత్తర్వు వానకంటే ముందు చేరవలెను.

తమ విధేయుడు,
మా అమ్మకు అంతకన్నా విధేయుడు,
పరీక్ష ట్రాక్టరు రైతు

తాజా కలం: అయ్యా, పై సంతకం పెట్టి కవరుకు జిగురు వెతుకుతుండగా మా ఆవిడ కేకేసింది. పాకలోకి పరుగెత్తాను. ట్రాక్టరు లేదు. నేల మీద చక్రాల గుర్తులు, వాటి మధ్య దర్జీ, అతని ఒళ్లో ఎవరిదో సగం కుట్టిన చొక్కా. "నన్ను దిగమంది. ఎందుకని అడిగేలోపే పోయింది," అన్నాడు.

చేను దగ్గరికి పోయేసరికి ట్రాక్టరు అవతలి గట్టు దాకా వెళ్లి మళ్లుతోంది. వెనక నాగళ్లు దిగి ఉన్నాయి. అద్దంలో మా అమ్మ. నేను పక్కన పరుగెత్తుతూ, "అమ్మా, ఆపు! నీకు తోలడం రాదు!" అని అరిచాను. కిటికీ అద్దం వేలెడంత తీసింది.

"ఎన్నాళ్లుగా కూర్చున్నానురా ఇందులో? ఏ కర్ర లాగితే ఏమవుతుందో మీ ఇంజనీరబ్బాయిని అడిగి తెలుసుకున్నాను. ఇన్నేళ్లూ నాగలి వెనక నడిచినదాన్ని, ముందు కూర్చోవడానికి నాకొకరు నేర్పాలా?"

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? నన్ను దింపమని సర్కారుకి నాలుగు కాగితాలు రాశావట, మీ ఆవిడ చెప్పింది. దున్నిపెట్టమ్మా అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా?"

అయ్యా, ఆవిడను ఎండలోకి పంపకూడదనే ఇన్నాళ్లూ నా బెంగ. ఎండ తగలకుండానే ఆవిడ చేలోకి రాగలదని నాకు తట్టలేదు. తమరి కార్యాలయానికీ తట్టినట్టు లేదు. డ్రైవరు అన్నచోట నేనూ తమరూ కూడా ఆలోచించకుండా నా పేరే రాసేశాం.

"అద్దం మూయాలి, చల్లదనం పోతోంది. పక్కకి జరుగు," అని ముందుకు పోయింది. వెనక చూశాను. నల్లటి మట్టి తిరగబడి మెరుస్తోంది, చాళ్లలో ఎక్కడా వంకర లేదు.

కాబట్టి పైన అడిగిన ఉత్తర్వు అక్కర్లేదు. ముద్రా అక్కర్లేదు. తమరి కాగితాల్లో డ్రైవరు అన్నచోట నా పేరు కొట్టేసి మా అమ్మ పేరు రాయిస్తే చాలు. ఈ నాలుగు ముక్కలూ గట్టు మీద నిలబడి, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే మన్నించాలి. మా చేను అయిపోయింది. ఆవిడ దిగకుండా పక్కవాళ్ల చేలోకి తిప్పింది, వాళ్లు దండం పెడుతున్నారు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని వెంట తిరుగుతున్నాను. ఇక్కడ ఎండ చాలా ఎక్కువగా ఉంది, అయ్యా.